ఫిష్షా, హోగార్తా? మరిలియన్ తగువులో ముడి ఎక్కడ పడిందంటే

మొన్న సంక్రాంతికి నరసాపురం నించి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటుతున్నాం, చుట్టూ బళ్ళు, గోనెసంచులు, ఎవరిదో కోడిపుంజు సంచిలోంచి తల బయట పెట్టి చూస్తోంది, ఆ గోలలో మా పెద్దన్నయ్యా మా మేనల్లుడూ మళ్ళీ మొదలెట్టారు. ఆస్తి తగువూ కాదు, రాజకీయమూ కాదు. ఎక్కడో ఇంగ్లాండులో ఎయిల్స్‌బరీ అనే ఊళ్ళో 1979లో పుట్టిన మరిలియన్ అనే రాక్ బ్యాండుకి అసలు సింగర్ ఎవడు అని. అన్నయ్య "ఫిష్ వెళ్ళిపోయిన రోజే ఆ బ్యాండ్ అయిపోయిందిరా" అంటాడు, వీడేమో "ఫిష్ ఉన్నది ఎన్నాళ్ళు మావయ్యా, హోగార్త్ వచ్చి ముప్పై అయిదేళ్ళు దాటింది, ఇంకా కొత్తోడంటావేంటి" అంటాడు. పక్కన బండి పట్టుకున్నాయన చాలాసేపు విని "ఎవరండీ వాళ్ళు, మనోళ్ళేనా?" అని అడిగాడు కూడా.

ఈ తగువు మా ఇంట్లోదే కాదు, ఆ బ్యాండ్ వినేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా ఇదే. కానీ చాలాకాలం విన్నాక నాకు అర్థమైంది ఏంటంటే వీళ్ళిద్దరూ ఒకే మాట వాడుతూ వేరు వేరు విషయాల గురించి కొట్టుకుంటున్నారు, దాన్ని విడదీయడానికి కావాల్సిన పనిముట్టు విచిత్రంగా మన తెలుగు సినిమా టైటిల్స్‌లోనే ఉంది, దాని సంగతికి వస్తా.

ముందు తెలియనివాళ్ళ కోసం. మరిలియన్ వాయించేది ప్రోగ్రెసివ్ రాక్. అంటే ఏదో అభ్యుదయ సంగీతం అనుకోకండి. అరవయ్యోవ దశకం చివర్లో బ్రిటన్‌లో మొదలైన పద్ధతి, మూడు నిమిషాల పాట మనకొద్దు, ఇరవై నిమిషాలైనా పర్లేదు, మధ్యలో తాళం మారనీ, కీబోర్డు ఒక కథ చెప్పనీ, గిటార్ ఇంకోటి చెప్పనీ అనే బాపతు. మన హరికథలో దాసుగారు పద్యం పాడి, వచనంలోకి దిగి, ఓ పిట్టకథ చెప్పి, మళ్ళీ కీర్తన ఎత్తుకుంటారు చూడండి, కథ మాత్రం తెగదు, ఇంచుమించు అదే ధోరణి. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ వీటికి పెద్ద పేర్లు. డెబ్భైల మధ్యలో పంక్ అనే పొట్టి, మొరటు పాటల రాక్ వచ్చి ఇదంతా ముసలాళ్ళ సంగీతం అని తోసేశాక మళ్ళీ ఎనభైల్లో దీన్ని లేపిన కుర్రాళ్ళలో మరిలియన్ ముందుంది. మొదట్లో టోల్కీన్ అనే ఇంగ్లీషు రచయిత పుస్తకం పేరు చూసి సిల్మరిలియన్ అని పెట్టుకుని తర్వాత ముందు అక్షరాలు కోసేశారు.

ఫిష్ అసలు పేరు డెరెక్ డిక్. స్కాట్లాండులో డాల్కీత్ ఊరు, ఆరడుగుల పైన ఇంకో అయిదంగుళాలు, స్నానానికి వెళ్తే టబ్బులోంచి బయటికి రాడని చేప అని పేరు పెట్టారు. 1981లో చేరాడు. మొహానికి రంగేసుకుని పాటలో ఉన్న పాత్రని స్టేజి మీద వేసేవాడు, మన రంగస్థలం నటుల్లాగా. నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు: 1983లో స్క్రిప్ట్ ఫర్ ఎ జెస్టర్స్ టియర్, 84లో ఫుగాజీ, 85లో మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్, 87లో క్లచింగ్ ఎట్ స్ట్రాస్. మూడోది బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్, అందులో కేలీ అనే పాట 2వ స్థానం దాకా వెళ్ళింది. ఆ పాట తర్వాత బ్రిటన్‌లో బోల్డంతమంది ఆడపిల్లలకి కేలీ అని పేరు పెట్టుకున్నారు. మా అన్నయ్య కూడా కూతురికి అదే పెడతానని కూర్చున్నాడు, మా నాయనమ్మ ఒకసారి చెవి పెట్టి విని "కాళీయా? ఇంట్లో ఆడపిల్లకి అంత ఉగ్రమైన పేరెందుకురా" అని తీసిపారేసింది, దాంతో అయిపోయింది.

అన్నయ్యకి ఆ క్యాసెట్ మస్కట్‌లో దొరికింది. ఎనభైల్లో మా లంకల్లోంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు సెలవుకి వస్తే టేపురికార్డరు, సెంటు సీసాలు, చీరలు తెచ్చేవారు, మావాడు వాటితో పాటు మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్ తెచ్చాడు. పాటకీ పాటకీ మధ్య గ్యాప్ ఉండదు అందులో, ఒక వైపు మొత్తం ఒకటే ప్రవాహం, అందుకని ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు మాకు. వానాకాలం చెమ్మకి టేపు హెడ్డుకి అతుక్కుపోతే మెల్లగా లాగి, పెన్సిల్ దూర్చి తిప్పి, ఫ్యాన్ కింద ఆరబెట్టి మళ్ళీ వేసేవాడు. లావెండర్ పాట దగ్గర ఓ చోట గొంతు నీళ్ళలో మునిగి తేలినట్టు వచ్చేది, అది అసలు రికార్డింగే అనుకున్నా నేను చాలా ఏళ్ళు, తర్వాత సీడీ విన్నప్పుడు ఆ మునక లేకపోతే వెలితిగా అనిపించింది. ఇది చెప్పుకోకుండా అన్నయ్య వాదన అర్థం కాదు. ఆయనకి ఫిష్ అంటే ఫిష్ ఒక్కడే కాదు, ఆ టేపు, ఆ పెన్సిలు, ఆ ఫ్యాను కూడా.

1988లో ఫిష్ వెళ్ళిపోయాడు. ఆపకుండా టూర్లు, తాగుడు, మేనేజ్‌మెంట్ విషయంలో తగువు, అన్నీ కలిసి వచ్చాయి. వెళ్ళే ముందు చేసిన ఆల్బమ్‌లో హీరో టార్చ్ అనేవాడు బార్లలో కూర్చుని రాసుకుంటూ తాగుతూ నాశనమైపోతుంటాడు, వినేవాళ్ళకి అప్పటికే అర్థమై ఉండాలి. 1989 మొదట్లో స్టీవ్ హోగార్త్ వచ్చాడు. అంతకుముందు యూరోపియన్స్, హౌ వి లివ్ అని రెండు బ్యాండ్లలో చేసినవాడు, కీబోర్డు కూడా వాయిస్తాడు. తన పాటల టేపులూ రాతలూ ఓ ఎర్ర ప్లాస్టిక్ బకెట్‌లో వేసుకొచ్చాడని ఫ్యాన్స్ అందరూ చెప్పుకునే కథ, అదీ నిజమే.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఇప్పుడు మన టైటిల్స్ సంగతి.

తెలుగు సినిమా పాటకి రచన, సంగీతం, గానం అని మూడు పేర్లు విడివిడిగా పడతాయి. అందుకే మనకి చిన్నప్పటినించీ ఓ అలవాటు, గొంతు నచ్చితే గాయకుడిని, మాట నచ్చితే రచయితని, ట్యూన్ నచ్చితే సంగీత దర్శకుడిని మెచ్చుకుంటాం, ఒకళ్ళ ఖాతా ఇంకొకళ్ళకి రాయం. 1974లో ఘంటసాల పోయాక మా తాతయ్య "ఇంక పాట లేదు" అన్నాడంట, బాలు ఎంత పాడినా ఒప్పుకోలేదంట. కానీ ఆయన కూడా పాటలు రాసేవాళ్ళూ బాణీలు కట్టేవాళ్ళూ పోయారని అనలేదు, గొంతు పోయిందన్నాడంతే. (ఘంటసాల స్వయంగా సంగీత దర్శకుడు కూడా అనుకోండి, ఆ లెక్క వేరు.) రాక్ బ్యాండులో ఈ మూడు పేర్లూ ఒకే గోనెసంచిలో కట్టేసి పైన బ్యాండ్ పేరు రాస్తారు, దానికి మొహం మాత్రం సింగర్‌ది. ముడి అక్కడే పడింది.

ఆ సంచి విప్పి చూడండి. ఫిష్ ఉన్నప్పుడు గానం ఫిష్, రచన ఫిష్, సంగీతం ప్రధానంగా మిగతావాళ్ళు: గిటార్ స్టీవ్ రాథరీ, కీబోర్డు మార్క్ కెల్లీ, బేస్ పీట్ ట్రవావస్, డ్రమ్స్ 84 నించి ఇయాన్ మోస్లీ. హోగార్త్ వచ్చాక గానం హోగార్త్, రచన హోగార్తూ మొదట్లో జాన్ హెల్మర్ అనే ఇంకో రచయితా, సంగీతం? మళ్ళీ ఆ నలుగురే, పైన హోగార్త్. అంటే 1988లో వెళ్ళిపోయింది గాయకుడూ రచయితా ఇద్దరూ, ఒకే మనిషి రూపంలో. సంగీత దర్శకుడు మాత్రం కుర్చీలోంచి లేవనే లేదు.

అందుకే అన్నయ్య చెప్పేదీ నిజమే, అల్లుడు చెప్పేదీ నిజమే అనిపిస్తుంది. అన్నయ్య "అంతా పోయింది" అంటే ఆయన వినేది మాటలు, పాత్రలు. వీడు "ఏం పోలేదు" అంటే వీడు వినేది రాథరీ గిటారు. వీడికి ఇంగ్లీషు లిరిక్ అర్థమైనా పట్టించుకోడు, అది నాకు నచ్చదు అనుకోండి.

దీనికి రుజువు అడిగితే ఉంది, అదీ రికార్డింగ్ రూపంలో. ఫిష్ వెళ్ళిపోక ముందు 88లో అయిదో ఆల్బమ్ కోసమని బ్యాండ్ సంగీతం కట్టడం మొదలెట్టింది, ఫిష్ దానిమీద తన మాటలు పాడి డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, చేశారు. గొడవయ్యాక పంపకాలు జరిగాయి, మన ఇళ్ళలో అన్నదమ్ములు విడిపోతే చెరువు ఒకడికీ గట్టుమీద కొబ్బరిచెట్లు ఒకడికీ వచ్చినట్టు, ట్యూన్లు బ్యాండుకి, మాటలు ఫిష్‌కి. ఆ ట్యూన్లలో చాలావరకు 89లో హోగార్త్ మొదటి ఆల్బమ్ సీజన్స్ ఎండ్‌లోకి వెళ్ళాయి. ఆ మాటల్లో కొన్ని ఫిష్ సొంత ఆల్బమ్ విజిల్ ఇన్ ఎ వైల్డర్‌నెస్ ఆఫ్ మిర్రర్స్‌లోకి వెళ్ళాయి. తర్వాత 1999లో క్లచింగ్ ఎట్ స్ట్రాస్‌ని రెండు సీడీలుగా మళ్ళీ వేసినప్పుడు ఆ డెమోలు కూడా బయటపెట్టారు. అందులో ఒకటి వింటే, మనకి బెర్లిన్ అని తెలిసిన పాట సంగీతమే అది, కానీ పాడేది ఫిష్, పాడేది బెర్లిన్ గురించి కాదు, పల్చటి గోడకి అవతల పక్కింట్లో మొగుడు పెళ్ళాన్ని కొడుతుంటే వినపడే చప్పుళ్ళ గురించి. ఆ మాటలు ఫిష్ దగ్గర ఫ్యామిలీ బిజినెస్ అనే పాటయ్యాయి, ఆ ట్యూన్ బ్యాండు దగ్గర బెర్లిన్ అయ్యింది. ఒక్క పాట చచ్చి రెండు పుట్టాయి. మరి సీజన్స్ ఎండ్ ఎవరి కాలానిది? హోగార్త్ పేరు మీదుంది, మొక్క నాటింది ఫిష్ ఉన్నప్పుడు.

ఇదే లెక్క పెద్ద బ్యాండ్ల మీద కూడా వేసి చూడొచ్చు. జెనెసిస్‌లో పీటర్ గేబ్రియల్ 1975లో వెళ్ళిపోయి డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడటం మొదలెట్టాడు కదా, "కాలిన్స్ వచ్చి దాన్ని పాప్ బ్యాండ్ చేశాడు" అని అందరూ అనేస్తారు. కానీ కాలిన్స్ పాడిన మొదటి రెండు ఆల్బమ్‌లూ 1976లోనే వచ్చాయి, రెండూ పక్కా ప్రోగ్రెసివ్, పాట పాటకీ తాళాలు మారతాయి. 77లో గిటారిస్టు స్టీవ్ హాకెట్ కూడా వెళ్ళిపోయి ముగ్గురు మిగిలాకే ఆ సౌండు మెల్లగా మారింది. యెస్‌లో దీనికి సరిగ్గా ఉల్టా. జాన్ ఆండర్సన్ ఆ బ్యాండుకి పుట్టుకనించీ గొంతు, 1983లో 90125 ఆల్బమ్‌లో పాడింది కూడా ఆయనే, కానీ అది వాళ్ళ పాత ఆల్బమ్‌లకి చుట్టంలాగా కూడా ఉండదు, అందులో పాట అమెరికాలో నంబర్ వన్ అయ్యింది. ఎందుకంటే గిటార్ పట్టుకున్నది కొత్తగా వచ్చిన ట్రెవర్ రేబిన్, పాటల్లో ఎక్కువ భాగం ఆయన తెచ్చినవే. అక్కడ గొంతు మారి సంగీతం మారలేదు, ఇక్కడ గొంతు మారకుండా సంగీతం మారిపోయింది. కాలాల్ని సింగర్ పేరుతో కొలవడం ఎంత గుడ్డి కొలతో దీన్నిబట్టి చూడండి.

అలాగని సింగర్ లెక్కలోకి రాడా అంటే అదీ కాదండోయ్. ఇక్కడ కొంచెం ఆగాలి. ఇద్దర్నీ పోల్చడానికి నాకు దొరికిన మంచి జత ఏంటంటే ఇద్దరూ ఉత్తర ఐర్లాండ్ గొడవల (బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లాండులో కలవాలా అని అక్కడ ఏళ్ళ తరబడి నడిచిన హింస) మీదే ఒక్కో పాట చేశారు. ఫిష్‌ది మొదటి ఆల్బమ్‌లో చివరి పాట, ఫర్‌గాటెన్ సన్స్. అక్కడి వీధుల్లో కాపలాకి పంపిన కుర్ర సిపాయి గురించి. అందులో ఫిష్ గొంతులు మారుస్తాడు, ఒకచోట ప్రార్థన చేస్తున్నట్టుగా కూడా, ఆ ప్రార్థన దేవుడికి కాదు మంత్రిగారికి, అంత వెటకారం. కోపం నురగలు కక్కుతుంటుంది. ఇంట్లో ఒక్కడివే ఉన్నప్పుడు వింటే నిజంగా జంకు పుడుతుంది. హోగార్త్ పాట ఈస్టర్, సీజన్స్ ఎండ్‌లోది, ఎర్ర బకెట్‌లో తెచ్చుకున్నవాటిలో ఒకటి. అది ఒట్టి గిటారు మీద మెల్లగా మొదలవుద్ది, ఎవర్నీ తిట్టడు, ఏ పాత్రా వెయ్యడు, చనిపోయినవాళ్ళ ఇంటి గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియనివాడిలా పాడతాడు, మధ్యలో రాథరీ గిటారు అందుకుని ఆ మాట్లాడలేనిది ఆయన మాట్లాడతాడు, చివర నడక మారిపోయి ఇప్పుడేం చేస్తావు అని వినేవాణ్ణే అడుగుతుంది.

ఒకడు నాటకం ఆడతాడు, ఇంకోడు పక్కన కూర్చుంటాడు. ఫిష్ పాటలో సంగీతం తెర వెనక మేళం, ఆయన మాట్లాడుతుంటే జాగా ఇచ్చి పక్కకి తప్పుకుంటది. హోగార్త్ పాటలో గొంతు కూడా మేళంలో ఒక వాయిద్యం, గిటారుకి జాగా ఇస్తది. అదే నలుగురు, అదే వేళ్ళు, కానీ ముందున్నవాడు ఎంత చోటు ఆక్రమిస్తాడో దాన్నిబట్టి వాయించే తీరు మారిపోద్ది. పెళ్ళి సన్నాయి మేళంలో సన్నాయి పట్టేవాడు మారితే డోలు వాయించేవాడి చెయ్యి కూడా మారుద్ది చూడండి, మనిషి అతనే, డోలూ అదే.

నా మాట అడిగితే ఫిష్ మాటలు మరీ బరువు, ఒక్క వాక్యంలో మూడు ఉపమానాలు కుక్కుతాడు, కుర్రతనంలో అదే గొప్పనిపించింది, ఇప్పుడు కొన్ని చోట్ల చాల్లే నాయనా అనిపిస్తది, కానీ క్లచింగ్ ఎట్ స్ట్రాస్ దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు దించుకుని సూటిగా రాశాడు, ఆ ఆల్బమ్‌కి సాటొచ్చేది ఇద్దరి దగ్గరా లేదు నా లెక్కలో. హోగార్త్‌లో చిక్కేంటంటే కొన్ని పొడుగు పాటలు పూర్వం కాలవల్లో తాడుకట్టి లాగే పడవల్లాగా, వెళ్తుంది, వెళ్తూనే ఉంటుంది, లాకు ఎప్పుడొస్తదో తెలీదు. కానీ 1994లో చేసిన బ్రేవ్ విన్నవాళ్ళెవరూ ఫిష్‌తో పాటే కథ చెప్పడం పోయిందని అనరు. సెవర్న్ నది వంతెన మీద ఒకమ్మాయి దొరికింది, ఎవరో చెప్పదు, అసలు నోరే విప్పదు, ఈ పిల్ల ఎవరికైనా తెలుసా అని పోలీసులు రేడియోలో అడిగితే హోగార్త్ విని పెట్టుకున్నాడు, ఆ పిల్ల అక్కడిదాకా ఎలా వచ్చి ఉంటుందో ఊహించి గంట పైన సాగే ఆల్బమ్ చేశారు. వంతెన మీద నిలబడ్డ మనిషి, కింద నీళ్ళు... రావులపాలెం వంతెన మీద రాత్రి బస్సు ఆగిన ప్రతిసారీ నాకు ఆ ఆల్బమే గుర్తొస్తది, అది మంచిదో కాదో తెలీదు.

అభిమానుల మధ్య ఇంకో గీత ఉంది, దాని గురించి ఈ తగువులో ఎవరూ మాట్లాడరు. తొంభైల మధ్యలో పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం అయిపోయింది, 97లో అమెరికా టూర్ వెయ్యడానికి డబ్బుల్లేవన్నారు, అప్పుడు అక్కడి అభిమానులు ఇంటర్నెట్‌లో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని సుమారు 60,000 డాలర్లు పోగేసి మీరు రండి అన్నారు. తర్వాత 2001లో అనొరాక్నొఫోబియా అనే ఆల్బమ్‌కి బ్యాండే స్వయంగా అడిగింది, ఇంకా రికార్డు చెయ్యని ఆల్బమ్‌కి ముందే డబ్బు కట్టండి అని, 12,000 మంది పైన కట్టారు. ఇలా జనం దగ్గర ముందే డబ్బు పోగేసే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు వచ్చింది 2009లో. మనకిది వింతగా అనిపించదు, ఊళ్ళో నాటకం పెట్టించాలంటే చందాలెత్తడం మనకి ఎప్పటినించో ఉన్నదే. కానీ చందా ఇచ్చినవాడికీ టికెట్ కొన్నవాడికీ తేడా ఉంటది. టికెట్ కొన్నవాడు బాలేకపోతే లేచి వెళ్ళిపోతాడు, చందా ఇచ్చినవాడు అది మా నాటకం అంటాడు.

కాబట్టి ఈ రెండు వర్గాలూ ఒక పాత అభిమానుల గుంపు విడిపోయి ఏర్పడినవి కావు, అసలు రెండు వేరే జనాలు. ఒకరు 85లో రేడియోలోనో క్యాసెట్‌లోనో కేలీ విని వచ్చినవాళ్ళు, ఇంకొకరు చందా కట్టినవాళ్ళూ వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ. ఆ రెండోవాళ్ళ బలం తక్కువేం కాదు, 2022లో వచ్చిన యాన్ అవర్ బిఫోర్ ఇట్స్ డార్క్ బ్రిటన్‌లో 2వ స్థానానికి వెళ్ళింది, 87లో ఫిష్ చివరి ఆల్బమ్ వెళ్ళిన స్థానం కూడా అదే. ఇది చెప్తే మా అన్నయ్య "అప్పట్లో జనం కొనేవారు, ఇప్పుడు ఎవడు కొంటున్నాడు, ఆ 2 వేరు ఈ 2 వేరు" అంటాడు. ఆయ్, అదీ నిజమే.

మరి ఫిష్‌కీ బ్యాండుకీ మధ్య పగేమైనా ఉందా అంటే పెద్దగా లేదు. 2007 ఆగస్టులో ఎయిల్స్‌బరీ మార్కెట్ స్క్వేర్‌లో ఫిష్ ఆ నలుగురితో కలిసి ఒక్కటంటే ఒక్క పాట పాడాడు, వాళ్ళ మొట్టమొదటి సింగిల్, ఆ స్క్వేర్ పేరు మీదే ఉన్న పాట. అంతే, మళ్ళీ ఎవరి దారి వారిది. ఫిష్ 2020లో చివరి ఆల్బమ్ ఇచ్చి 2025 మార్చిలో గ్లాస్గోలో ఆఖరి కచేరీ చేసేశాడు. బ్యాండు నడుస్తూనే ఉంది.

పంటు సంగతి మధ్యలో వదిలేశాను. వశిష్ఠ సగం దాటాక ఇంక భరించలేక నా ఫోన్లో ఆ 88 డెమో తీసి, పేరు కనపడకుండా స్క్రీన్ మూసి, ఇయర్‌ఫోన్ ఒకటి అన్నయ్య చెవిలో ఒకటి అల్లుడి చెవిలో పెట్టా. ఇంజన్ చప్పుడుకి అన్నయ్య రెండో చెవి వేలుతో మూసుకున్నాడు. సంగీతం మొదలై పది సెకన్లు కాలేదు, అల్లుడు "బెర్లిన్ కదా" అని నవ్వాడు, అన్నయ్య మొహం ముడుచుకుని ఇయర్‌ఫోన్ తీసెయ్యబోయాడు, ఇంతలో గొంతు వచ్చింది. అన్నయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది. "మావోడేరా!" అన్నాడు, పక్కాయన బండి పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. అల్లుడేమో నోరు తెరుచుకుని నావైపు చూస్తున్నాడు.

పాట అయ్యేసరికి రేవు దగ్గరికి వచ్చేశాం, బళ్ళు స్టార్ట్ చేస్తున్నారు. అన్నయ్య ఇయర్‌ఫోన్ ఇవ్వకుండా అడిగాడు, "ఇంత బాగున్న మాటలు ఎందుకు తీసేశారంటావు?"

"తీసెయ్యలేదు పెద మావయ్యా, ఆయన పట్టుకుపోయాడంట."

"ఆయన పట్టుకుపోవడమేంట్రా, ఆయనవి ఆయన తీసుకెళ్ళాడు! ట్యూన్ ఎవడు పట్టుకుపోయాడు మరి?"

"ట్యూన్ వాళ్ళదేగా!"

సఖినేటిపల్లి రేవు మెట్ల మీద కూడా అదే.